మిగిలిన కూరగాయలు జాడీలోకా, పక్కింటికా?



చలికాలం చివరిలో మా వార్డుకి ఒక పెద్దమ్మ వచ్చింది. బీపీ 190/110 ఉంది. తల తిరుగుతోందనీ, ఎడమ చెయ్యి మొద్దుబారినట్లుందనీ చెప్పింది. మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదట. "ఉప్పు తగ్గించమన్నారని కూరలో ఉప్పే వెయ్యడం లేదు సిస్టరమ్మా" అన్నది. మరి చప్పటి కూరతో అన్నం ఎలా దిగుతోందని అడిగాను. "మిద్దె మీద టమాటాలు విరగకాశాయి. పారేయడానికి మనసొప్పక రెండు జాడీలు నిల్వ పచ్చడి పెట్టాను. రెండు పూటలా అదే" అన్నది.

దేవుని దయవల్ల ఆమె కోలుకుని ఇంటికి వెళ్ళింది. ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చి మా వంటింటి అలమర తెరిచాను. మూడు జాడీలు కనిపించాయి. ఒకటి టమాట, ఒకటి గోంగూర, ఒకటి చల్ల మిరపకాయలు. అన్నీ మా మిద్దె మీద పండినవే. మా వారు పదకొండేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. వార్డులో నేను చెప్పే మాట నా ఇంట్లో నేనే పాటించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన నారపల్లికి మిద్దెతోట కొత్త కాదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఇక్కడే తమ ఇంటి మిద్దెపై కూరగాయలు పండించి, ఎందరికో మిద్దెతోట మీద ఆసక్తి కలిగించారు. ఇప్పుడు మేడిపల్లి, బోడుప్పల్, ఉప్పల్ వైపు ఏ వీధిలో తల ఎత్తి చూసినా పిట్టగోడ మీదుగా ఒక సొరతీగో, బీరతీగో కనిపిస్తుంది. ఇది సంతోషించవలసిన విషయం. అయితే ఎలా పండించాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కానీ, ఒకేసారి విరగకాస్తే ఏమి చేయాలో చెప్పేవారు తక్కువ. చెప్పేవారు కూడా పచ్చడి కొలతలే చెబుతారు.

ఆ కొలతలే ఒకసారి లెక్క వేసి చూద్దాం. మా ఇంట్లో కిలో టమాటాలకు 100 గ్రాముల ఉప్పు వేస్తాం. మగ్గి, చింతపండు, కారం, నూనె కలిసి చివరికి సుమారు ముప్పావు కిలో పచ్చడి అవుతుంది. అంటే ఒక పెద్ద చెంచాడు పచ్చడిలో దాదాపు రెండు గ్రాముల ఉప్పు ఉన్నట్లు. పూటకి రెండు చెంచాల చొప్పున రెండు పూటలా తింటే ఎనిమిది గ్రాములు. పెద్దవారు రోజు మొత్తానికి ఐదు గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇక్కడి నుంచి ఉప్పల్, హబ్సిగూడ దాటితే వచ్చే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో కూడా అదే మాట ఉంది. కూరలో ఉప్పు మానేసిన ఆ పెద్దమ్మకు పచ్చడి నుంచే పరిమితికి మించిన ఉప్పు అందింది. ఇంటి పంటే కదా, మందులు చల్లనిదే కదా అనుకుంటాం. కాయ మంచిదే. దానిలో మనం పోసిన ఉప్పే రక్తపోటును పెంచుతుంది.

అదే సంస్థ చెప్పిన ఇంకొక మాట చూడండి. రెండు వేల కేలరీల ఆహారంలో రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలట. మన వీధిలో ఎంతమంది పళ్ళెంలో అంత కూర పడుతోంది? కొత్త అపార్టుమెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీ కుటుంబాలు, వాచ్‌మన్ల పిల్లలు, ఒక్క గదిలో అద్దెకున్నవారు మన గేటు ముందే ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఓపీకి వచ్చే గర్భిణీలకు ఆకుకూరలు తినమని చెప్పి పంపిస్తాం. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి, తినగా మిగిలిన గోంగూరను ఉప్పులో ఊరవేస్తాం. ఇది నాకు సరిగా తోచడం లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మిగులు కూరగాయలకు మొదటి చోటు పొరుగింటి వంటిల్లు. రెండవది ఉప్పు లేకుండా ఎండబెట్టిన వరుగులు. పచ్చడి జాడీ అన్నిటికన్నా చివరిది. అది కూడా చిన్న జాడీ, పండుగకి, అతిథికి మాత్రమే.

"ఇవ్వాలని మాకూ ఉంటుంది, కానీ ఇస్తే చిన్నచూపు అనుకుంటారేమో" అని కొందరంటారు. ఆ భయానికి కారణం మనం ఇచ్చే తీరే. మనకు కావలసినంత వండుకుని, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు పెట్టి, బెండకాయ ముదిరి పీచు కట్టాక, పాలకూర పసుపు తిరిగాక పక్కింటి తలుపు కొడతాం. అలా ఇస్తే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. మన పల్లెల్లో కోత తరువాత పరిగె ఏరుకోనివ్వడం ఒక మర్యాద. పొలం అంచులు పూర్తిగా కోసుకోకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని లేవీయకాండంలో ఆజ్ఞ ఉంది. గమనించండి, అక్కడ విడిచేది గాదె నిండాక పుచ్చిపోయినది కాదు. కోత నాడే, చేనులోనే విడిచిన మంచి గింజ. మనం కూడా కోసేటప్పుడే ఇతరుల వాటా తీసి పక్కన పెట్టాలి.

ఇందులో మొక్కకు కూడా మేలుంది. బెండ, దోస, చిక్కుడు లేతగా ఉన్నప్పుడే రోజు విడిచి రోజు కోస్తే మొక్క మళ్ళీ మళ్ళీ కాస్తుంది. కాయ చెట్టు మీదే ముదిరితే మొక్క బలమంతా గింజకు పోయి కాపు తగ్గుతుంది. కోత పండుగకు గుమ్మడికాయలు, అరటి గెలలు గుడికి తెచ్చి వేలం వేయడం మనకు అలవాటే. అది ఏడాదికి ఒక్క రోజు. మిద్దె మీద కోత మాత్రం రోజు విడిచి రోజు.

ఇచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మా వీధిలో డయాలసిస్ చేయించుకుంటున్న ఒక పెద్దాయన ఇంటికి సంచి నిండా టమాటాలు, పాలకూర ఇచ్చాను. "మామయ్యకి ఇవి వద్దన్నారు కదా ఆంటీ" అని వారి కోడలు మెల్లగా అన్నది. ముప్పై ఏళ్ల సర్వీసున్న నర్సునై ఉండి అడగకుండా ఇచ్చినందుకు సిగ్గుపడ్డాను.

1. అడిగి ఇవ్వండి. కిడ్నీ జబ్బు ముదిరినవారికి టమాట, పాలకూర, మునగాకు వంటి వాటిలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. కిడ్నీలో రాళ్లున్నవారు పాలకూర, గోంగూర విషయంలో డాక్టరుగారిని అడగాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు.

2. సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మి, కాయ మొత్తం పారవేయండి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి, చేదు సొరకాయ రసం తాగరాదని హెచ్చరించింది. దీనికి విరుగుడు మందు లేదు. తాగాక వాంతులు, కడుపునొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి. సొరకాయ ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి.

3. ఆకుకూర ఇస్తే ఒక నిమ్మకాయ కూడా పెట్టండి. అందులోని విటమిన్ సి వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుందని కూడా చెప్పండి.

4. ఇంకా మిగిలితే ఎండబెట్టండి. వంకాయ, గోరుచిక్కుడు, టమాట ముక్కలు ఉప్పు లేకుండానే మంచి ఎండలో గలగలలాడేలా ఎండుతాయి. మునగాకును మాత్రం నీడలో ఆరబెట్టాలి. విటమిన్ సి చాలావరకు పోతుంది కానీ పీచు, ఖనిజాలు ఉంటాయి. తడి మిగిలితే బూజు పడుతుంది. బూజు పట్టినవి తినకూడదు.

5. వచ్చేసారి విత్తనాలన్నీ ఒకే రోజు చల్లకండి. పాలకూర, కొత్తిమీర పదిహేను రోజుల తేడాతో ఒక్కో తొట్టిలో వేస్తే ఒకేసారి మీద పడవు.

మన వీధి అంగన్‌వాడీని కూడా మరవవద్దు. ఆరోగ్య లక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణీలకు, బాలింతలకు అక్కడ పూట భోజనం పెడుతున్నారు. ముందుగా టీచరుని అడిగి, ఆ ఉదయం కోసిన ఆకుకూర నాలుగు కట్టలు ఇస్తే ఆనాటి పప్పులో పడుతుంది.

పచ్చడి మన రుచి, మా అమ్మ చేతి రుచి. దాన్ని పూర్తిగా మానమని నేను అనను, నేను కూడా మానలేను. కానీ మూడు జాడీల బదులు ఇప్పుడు మా అలమరలో ఒకటే ఉంది, అదీ చిన్నది. మా వారు మొదట కొంచెం గొణిగారు. ఇప్పుడు తెల్లవారి డ్యూటీకి వెళ్లే ముందు నేను రెండు బుట్టలతో మిద్దె ఎక్కుతాను. ఒకటి మాకు. రెండవది కిందికి వచ్చాక వంటింట్లోకి రాదు, నేరుగా గేటు దాటుతుంది. ఎదురింటి రేకుల షెడ్డులో ఉంటున్న అమ్మాయికి ఏడవ నెల. మొన్న లేత బెండకాయలు అందుకుంటూ, "రేపు తోటకూర ఉంటే ఇవ్వండి ఆంటీ" అని తనే అడిగింది. అడిగే చనువు ఏర్పడిందంటే చిన్నచూపు అనుకోలేదనే కదా అర్థం.