చీటీలో లేనివి

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే పొద్దున్నే మా వంటింట్లో ఓ సభ జరుగుతుంది. అధ్యక్షురాలు మా అత్తయ్య. డబ్బాలన్నీ గట్టు మీద వరసగా పెట్టి, ఒక్కొక్కటీ మూత తీసి, ఊపి చూసి తీర్పు చెబుతారు. "కందిపప్పు మూడు కిలోలు రాయమ్మాయ్. మినపగుళ్లు రెండు. ఇడ్లీ రవ్వ ఉంది, వద్దు. ఎండుమిర్చి... ఆగాగు, పోయిన్నెల తెచ్చినవాటిలో సగం తొడిమలే. ఈసారి వేరే కొట్లో తెమ్మను వాణ్ని." నేను రాసుకుంటూ ఉంటాను. ఆ 'వాడు', అంటే మా ఆయన, పేపరు చాటు నుంచి 'ఊఁ' అంటారు.

చీటీ రాయించేది ఆవిడే అయినా సూపర్ మార్కెట్‌కి మాత్రం అత్తయ్య రారు. ఏసీ పడదంటారు. అసలు బాధ అది కాదు. అక్కడ ధర అడగడానికి మనిషుండడు. బేరం ఎవరితో ఆడాలి? అందుకని వెళ్లేది మేం నలుగురం. నేనూ, మా ఆయనా, రెండో తరగతి చదివే అమ్మాయీ, నాలుగో ఏడు నడుస్తున్న బుడ్డోడూ.

ఒకసారి రాత్రి పిల్లలు పడుకున్నాక ఎందుకో చీటీనీ బిల్లునీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. చీటీలో రాసినవి 26. బిల్లులో ఉన్నవి 39. అంటే పదమూడు వస్తువులు ఎవరూ రాయకుండానే బండెక్కి మా ఇంటికొచ్చేశాయి! క్రీమ్ బిస్కెట్లు రెండు రకాలు, చిప్స్ మూడు, కప్పు నూడుల్స్, మామిడి డ్రింకు, లోపల బొమ్మ ఉందన్న చాక్లెట్టు, పిల్లల బలానికన్న పొడి ఒకటి, కార్టూన్ ఉన్న టూత్‌పేస్టు (ఇంట్లో మామూలుది ఉండగానే), ఇంకా ఏవేవో. డబ్బు కూడితే బిల్లులో దాదాపు నాలుగో వంతు. అక్కడ అత్తయ్య ఎండుమిర్చి తొడిమల దగ్గర పది రూపాయలు ఎలా మిగలుతాయా అని చూస్తుంటే, ఇక్కడ మేం చేస్తున్న నిర్వాకం ఇదన్నమాట.

పిల్లల్ని తిట్టడం తేలిక. మా ఆయన ఆ పనే చేశారు. కానీ తర్వాతిసారి వెళ్లినప్పుడు నేను సరుకులు మానేసి కొట్టునే చూశాను. మీరూ ఓసారి చూడండి. బియ్యం, పప్పులు, నూనె ఎక్కడో లోపల, చిట్టచివర ఉంటాయి. అక్కడికి వెళ్లాలంటే బిస్కెట్లు, చాక్లెట్లు దాటుకునే వెళ్లాలి. రంగురంగుల ప్యాకెట్లున్న అరలు నా కళ్లకి కాదు, మా బుడ్డోడి కళ్లకి సరిగ్గా ఆనేటట్టు ఉన్నాయి. నేను చూసే ఎత్తులో అన్నిటికన్నా ఖరీదైన ఓట్స్. చవకరకం రాగిపిండి నేలకి ఆనుకుని ఉన్న అరలో, వంగితే తప్ప కనపడకుండా. చివర్లో బిల్లు కౌంటరు. వరసలో పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. రెండువైపులా చాక్లెట్ల గోడలు. ఏ పిల్లాడు ఊరుకుంటాడు? మనమే ఊరుకోం.

మా చిన్నప్పుడూ పిల్లలకి కిరాణా కొట్టంటే ఆశే. తెనాలి దగ్గర మా ఊళ్లో చీటీ పట్టుకుని కొట్టుకి పరిగెత్తేదాన్ని. కొట్టాయన పాత పేపర్లో పప్పు పొట్లం కట్టి, పురికొస చుట్టి, పళ్లతో పుటుక్కున తెంపేవాడు. లెక్కంతా అయ్యాక గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో చేతిలో పెట్టేవాడు. అది కొసరు. నిజం చెప్పాలంటే ఆ కొసరు కోసమే పరుగు. అడగకుండా ఇచ్చేది కాబట్టి అది ఎంతన్న ప్రశ్నే లేదు. ఇప్పటి కొసరుకి బార్‌కోడ్ ఉంది, అంతే తేడా. పైగా పని పూర్తయ్యాక కాదు, కొట్లోకి అడుగు పెట్టిన దగ్గర్నుంచే మొదలవుతుంది.

ఆ పదమూడింట్లో ఒకదాని సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

2025 మే నెల. బుడ్డోడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో సరుకులతో పాటు తెచ్చిపెట్టిన చిన్న డబ్బాలు ఉన్నాయి. ఎండాకాలం ఉంటే మంచిదని నేనే బండిలో వేశాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్ అని కనిపిస్తోంది. ఆపిల్ రుచి. వాడు ఇష్టంగా తాగాడు. రోజుకి మూడు డబ్బాలు పట్టాను. అత్తయ్య "గంజిలో ఉప్పేసి పట్టమ్మాయ్, పల్చటి మజ్జిగ పట్టు" అంటూనే ఉన్నారు. "ఇది డాక్టర్లు చెప్పేదే అత్తయ్యా" అన్నాను, నాకే తెలిసినట్టు. రెండో రోజు సాయంత్రానికి తగ్గకపోగా ఎక్కువయ్యాయి. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. ఆ సంగతి ముందు చూసింది అత్తయ్యే. ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం.

సెలైన్ ఎక్కించాక డాక్టరుగారు నా చేతి సంచిలో ఉన్న డబ్బా తీసుకుని వెనక్కి తిప్పారు. "చదివారా?" అన్నారు. చదవలేదు. చీమతలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు అని దాని మీదే రాసి ఉంది! ముందువైపు అవునని, వెనకవైపు కాదని.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. ఆ పాళ్లలో ఉంటేనే పేగు ఉప్పునీ నీటినీ లోపలికి పీల్చుకుంటుంది. పంచదార మోతాదు మించితే వ్యవహారం తిరగబడుతుంది. ఒంట్లోని నీరే పేగుల్లోకి లాగేస్తుంది. అంటే నేను మందనుకుని పట్టింది, రోగానికి ఎరువన్నమాట.

ఈ తియ్యటి నీళ్లకి ఓఆర్‌ఎస్ పేరు పెట్టకూడదని హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడటానికి అంతకుముందు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. అసలు ఫార్ములా ప్రకారం లేని ఏ పానీయమూ ఆ మూడక్షరాలూ పేరులో పెట్టుకోకూడదంది. ఆవిడ టీవీలో కళ్లు తుడుచుకుంటూ మాట్లాడుతుంటే మా అత్తయ్యా నేనూ ఇద్దరం పని ఆపేసి చూశాం. అత్తయ్య నన్నేమీ అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

ఇప్పుడు మా ఇంట్లో మందుల షాపులో కొన్న పొడి ప్యాకెట్లు నాలుగు ఎప్పుడూ ఉంటాయి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లు రాస్తే అంతే నీళ్లు, ఒక్క చెంచా తేడా లేకుండా. కలిపింది ఆ రోజుకే. అవి లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. స్పూను గోపురం పెట్టకుండా సమంగా గీసి కొలవాలి. నాలిక మీద వేసుకుంటే కన్నీటి కన్నా ఉప్పగా ఉండకూడదని డాక్టరుగారు గుర్తు చెప్పారు. పిల్లాడు మరీ నీరసపడినా, మూత్రం పోయకపోయినా ఇంట్లో కూచోకుండా ఆస్పత్రికే.

అప్పట్నుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఏ ప్యాకెట్టయినా ముందు వెనక్కి తిప్పుతాను. దాంట్లో ఏమేం కలిపారో ఆ వరసకి ఓ రూలుంది. బరువులో ఏది ఎక్కువో దాన్ని ముందు రాయాలి. తర్వాత దానికన్నా తక్కువది, అలా. ఈ ఒక్కటి తెలిస్తే సగం గుట్టు బయటపడుతుంది. పలు ధాన్యాల బిస్కెట్టని గింజల బొమ్మలేసిన ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పేరు మైదా, రెండోది పంచదార, మూడోది పామాయిలు. ఆ ధాన్యాలు ఎక్కడో తోకలో, పెళ్లి భోజనంలో ఉప్పులాగా. 'చక్కెర' అన్న మాట ముందు కనపడకపోతే మురిసిపోకండి. లిక్విడ్ గ్లూకోజు, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్... మన దేవుళ్లకున్నట్టు దానికీ నామాలు చాలా.

పిల్లల బలానికన్న పొడి సంగతీ అంతే. మన ఆహార చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్న మాటకి నిర్వచనమే లేదు. అందుకే ఇంటర్నెట్ దుకాణాలు ఆ పేరుతో పెట్టిన వరుసలోంచి ఇలాంటి పానీయాల్ని తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పింది. కొట్లో అరల మీద మాత్రం పహిల్వాన్ పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. మేం రాగిజావకి మారాం. బుడ్డోడు మొదటి వారం ఉమ్మేశాడు. బెల్లం వేస్తే తాగాడు. బెల్లమూ తీపే కదా అంటారా? అవును. కాకపోతే ఎంత వేస్తున్నానో నాకు తెలుసు.

నా జబ్బు మా అమ్మాయికి అంటుకుంది. ఆ వయసు పిల్లలకి కొత్తగా చదవడం వస్తుంది కదా, బోర్డు కనపడితే చాలు కూడబలుక్కుంటారు. దాన్ని 'వెనక చదివే మనిషి'గా నియమించాను. ఇప్పుడు కొట్లో మా వెనకాల వచ్చేవాళ్లకి నరకమే. దారికి అడ్డంగా నిలబడి "రి...ఫైన్డ్... వీట్... ఫ్లో...ర్. అమ్మా, ఇది గోధుమపిండేనా?" అని అరుస్తుంది. కాదమ్మా, మైదా. "మరి గోధుమ అని ఎందుకు రాశారు?" దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

మా ఆయన సరదా వేరు. ధర పక్కన చిన్న అక్షరాల్లో గ్రాముకి ఎంత పడుతుందో కూడా వేయాలని నిబంధన తెచ్చారు. అది చూడటం ఆయన వంతు. ఓసారి ఫ్యామిలీ ప్యాక్ అని పెద్దది తీసుకోబోయాం. 350 గ్రాములు 98 రూపాయలు. అంటే గ్రాము 28 పైసలు. దాని పక్కనే చిన్నది, 200 గ్రాములు 50 రూపాయలు. గ్రాము పావలా! పెద్దది కొంటే కలిసొస్తుందనుకోవడం మన భ్రమ. బిస్కెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5కి దిగిందని ఆయనే చదివి వినిపించారు. ప్యాకెట్ కట్టి పేరు వేసిన కందిపప్పు మీద 2022 జులైలోనే 5 శాతం పడింది. విడిగా తూచి ఇచ్చే పప్పుకి ఆ పన్ను లేదు. ఈ ముక్క వినగానే అత్తయ్య, "నే చెబితే విన్నారా?" అన్నారు.

అలా పప్పులూ, మిర్చీ, చింతపండూ మళ్లీ వీధి చివర కిరాణా కొట్టుకి మారిపోయాయి. చీటీ అక్కడికి అత్తయ్యే పట్టుకెళతారు. కూరగాయలు పటమట రైతు బజార్లో. 1999 జనవరి 26న రైతు బజార్లు పెట్టినప్పట్నుంచి ఆవిడ అక్కడి ఖాతాదారేనట. బుడ్డోణ్ని తీసుకెళ్లి దొండకాయలు ఏరమంటారు. వాడు ముదిరినవన్నీ ఏరతాడు. ఆవిడ ఓపిగ్గా తీసేస్తారు. సూపర్ మార్కెట్‌కి నెలకొక్కసారే, అదీ పిల్లలకి కడుపునిండా టిఫిను పెట్టాక. ఒక్కొక్కరికీ ఒక్కో వస్తువు. ఏదైనా సరే, ఒక్కటే. మొదట్లో బుడ్డోడు చేతిలోది వదలడు, అరలోది కావాలంటాడు. నేల మీద దొర్లాడు కూడా. అందరూ నావైపే చూశారు. మా ఆయన బిల్లు కట్టే వంకతో దూరంగా జరిగారు. తర్వాతి నెల దొర్లలేదు.

అంతా సజావుగా ఉందనుకోకండి. రాత్రి పదింటప్పుడు ఫోన్లో నొక్కితే నిమిషాల్లో ఐస్‌క్రీమ్ గుమ్మంలోకొస్తుంది. ఆ నొక్కేది పిల్లలు కాదు. పేరెందుకులెండి, పేపరు చదువుతున్నారు.

ఈ నెల చీటీ అమ్మాయే రాస్తానంది. అత్తయ్య చెబుతుంటే 'మినపగుళ్లు'కి మూడుసార్లు చెరిపి రాసింది. మొత్తం 24. లెక్క చూద్దామని తీస్తే అడుగున పెన్సిల్‌తో ఇంకోటి, అత్తయ్య చెప్పనిది: 'క్రీమ్ బిస్కెట్లు 1, చిన్నది.' ఇదేంటే అంటే, "వెనక చదివానమ్మా. మైదా, పంచదార, పామాయిల్. అయినా నాకిష్టం" అంది.

అత్తయ్య నావైపు చూశారు. ఇద్దరం దాన్ని కొట్టెయ్యలేదు.