సేవకు క్రెడిట్లు సరే, గడపకు దక్కేదేమిటి? - పెరంబూరు చెప్పే పాత పాఠం

వేసవి వచ్చిందంటే సరిహద్దు మండలాల పల్లెల్లో ఇప్పుడొక కొత్త దృశ్యం కనిపిస్తోంది. మెడలో కళాశాల గుర్తింపు కార్డు, చేతిలో ముద్రించిన ప్రశ్నావళితో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు ఇంటింటికీ తిరుగుతున్నారు. ఇంట్లో ఎందరున్నారు, తాగునీరు ఎక్కడినుంచి వస్తోంది, మరుగుదొడ్డి ఉందా, రేషన్ అందుతోందా అని అడిగి రాసుకుని వెళ్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరం నుంచి సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేయడమే ఇందుకు కారణం. విద్యార్థి తన చదువును తన చుట్టూ ఉన్న జనజీవనంతో ముడిపెట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టేవారు లేరు. అయితే నిరుడు అడిగిన ప్రశ్నలనే ఈ ఏడు మరొకరు వచ్చి అడిగితే, వెనుకటి జవాబులు ఏమయ్యాయన్న సందేహం గడపలోని ఇల్లాలికి కలగడం సహజం. ఆమె సందేహానికి జవాబు చెప్పే బాధ్యత ఎవరిదో ఆ ప్రశ్నావళిలో ఎక్కడా ఉండదు.

సరిహద్దు దాటి చెన్నైలో చదివే పిల్లలది మరో పద్ధతి. మద్రాసు విశ్వవిద్యాలయపు డిగ్రీ పాఠ్యప్రణాళికలో అయిదవ భాగం కింద విస్తరణ కార్యక్రమాలు ఉన్నాయి. జాతీయ సేవా పథకం, ఎన్‌సీసీ, క్రీడల వంటి వాటిలో పాల్గొన్నందుకు ఒక క్రెడిట్ లభిస్తుంది. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకడు తిరుపతిలోను, మరొకడు చెన్నైలోను చదివితే, మొదటివాడికి సేవ 180 గంటల కొలత, రెండవవాడికి ఒక క్రెడిట్ కొలత. కొలతలు వేరైనా చిక్కు ఒక్కటే. విద్యార్థి ఎంతసేపు వెళ్లాడన్నది లెక్కకు వస్తోంది గాని, వెళ్లినచోట ఏమి జరిగిందన్నది రావడం లేదు.

ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కరలేదు. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నైకి రైలెక్కే ప్రతి సరిహద్దు కుటుంబానికీ పెరంబూరు తెలిసిన స్టేషనే. రైల్వే ఉద్యోగమో, 1955లో మొదలైన సమగ్ర రైలు పెట్టెల కర్మాగారమో, రైల్వే ఆసుపత్రో ఏదో ఒక పనిమీద అక్కడ దిగినవారు, దిగి అక్కడే స్థిరపడినవారు ప్రతి పల్లెలోను ఉంటారు. చదువుకున్నవాడు శ్రమజీవి గడపకు వెళ్లడమంటే ఏమిటో చెప్పగల ఉదంతం కూడా ఆ పెరంబూరులోనే ఉంది.

అంగట్లో మొదలైన మాట

బిన్నీ కంపెనీ వారి బకింగ్‌హాం, కర్నాటిక్ బట్టల మిల్లులు పెరంబూరుకు జీవగర్రగా ఉన్న రోజులవి. అక్కడి సెల్వపతి చెట్టియార్ అంగడిలో వేంకటేశ గుణామృతవర్షిణి సభ అనే భక్తసమాజం జరుగుతుండేది. మిల్లు కార్మికులు హరికథలు, ఉపన్యాసాలు వినడానికి వచ్చేవారు. వచ్చినవారు దేవుడి మాటతోపాటు తమ గోడు కూడా వెళ్లబోసుకునేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే వ్యవధి చాలడంలేదని, కాస్త ఆలస్యమైతే గేటు బయటే నిలబెడుతున్నారని వారి బాధ. సెల్వపతి చెట్టియార్, ఆయన మిత్రుడు రామానుజులు నాయుడు ఈ మాటను అనీబిసెంట్ నడిపిన 'న్యూ ఇండియా' పత్రికలో పనిచేస్తున్న బి.పి. వాడియా చెవిన వేశారు. వాడియా బొంబాయి పార్సీ. కార్మికుల భాష ఆయనకు రాదు. అయినా స్వయంగా పెరంబూరు వెళ్లి చూశాడు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో క్రమబద్ధంగా నడిచిన తొలి కార్మిక సంఘాలలో దానిని లెక్కిస్తారు.

వాడియా ఇంగ్లీషులో మాట్లాడితే స్థానికులు దానిని కార్మికుల భాషలో వినిపించవలసి వచ్చేది. అంతకు కొద్దికాలం ముందువరకు వెస్లీ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఉన్న తిరు.వి. కల్యాణసుందర మొదలియార్ ఆ సంఘానికి అండగా నిలిచినవారిలో ముఖ్యుడు. అంటే పత్రికలో ఉన్నవాడు, బడిలో పాఠం చెప్పినవాడు, అంగడి నడిపేవాడు కలిస్తే గాని కార్మికుడి మాట బయటి ప్రపంచానికి చేరలేదు. వీరిలో ఎవరికీ ఇందుకు క్రెడిట్లు లేవన్నది వేరే సంగతి. దక్కింది కోర్టు కేసు. యూనియన్ నాయకులపై కంపెనీ మద్రాసు హైకోర్టుకెక్కి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ కేసు దేశమంతటా కలకలం రేపి, చివరకు 1926 నాటి కార్మిక సంఘాల చట్టానికి దారితీసింది.

ఇదే ఉదంతంలో మరో పార్శ్వం ఉంది. సేవాప్రాజెక్టు పుస్తకాలలో ఆ సంగతి ఉండదు గనుక ఇక్కడ చెప్పుకోక తప్పదు. 1921 సమ్మెలో కార్మికులు కులాలవారీగా చీలిపోయారు. ఆదిద్రావిడ కార్మికులలో పలువురు పనిలోకి వెళ్లగా, పక్కనే ఉన్న పుళియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. 'సమాజం' అని ఒక్క మాటలో అనేస్తాం గాని, ఒకే వీధిలో ఒకరి అవసరం మరొకరి అవసరానికి ఎదురుగా నిలబడవచ్చు. పది రోజుల పరిచయంతో వీధిని అర్థం చేసుకున్నామనుకునే విద్యార్థికైనా, అతణ్ణి పంపే అధ్యాపకుడికైనా పుళియంతోపు ఒక హెచ్చరిక.

తిరిగివెళ్లిన సర్వే

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో మరో ప్రయత్నం జరిగింది. అక్కడ అర్థశాస్త్రాచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను 1916లో ప్రశ్నావళి ఇచ్చి సెలవులకు సొంత ఊళ్లకు పంపాడు. భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత, ఏమి తింటున్నారు అని రాసుకురమ్మన్నాడు. నేటి ప్రాజెక్టుకు ముత్తాత అనదగిన పని అది. ఆ నివేదికలు 1918లో పుస్తకంగా వచ్చాయి. చిత్తూరు జిల్లాకు మాతృజిల్లా అయిన ఉత్తర ఆర్కాడులోని దూసి గ్రామం కూడా అందులో ఉంది.

స్లేటర్ పని గొప్పదనం ప్రశ్నావళిలో లేదు, దానిని దాచి ఉంచడంలో ఉంది. 1936-37లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే ఊళ్లను తిరిగి సర్వే చేయించారు. విల్లుపురం ప్రాంతంలోని ఇరువేల్‌పట్టు గ్రామానికైతే 1961లో, 1981లో, 2008లో కూడా పరిశోధకులు వెళ్లారు. తొంభై ఏళ్లలో ఒక ఊళ్లో భూమి చేతులు ఎలా మారింది, కూలివాడి స్థితి ఎలా మారింది అన్నది వరుసగా తెలిసిన గ్రామాలు దేశంలో అరుదు. కుర్రవాళ్లు సెలవుల్లో రాసిన కాగితాలే దానికి పునాది. వాటిని మూట కట్టి అటక మీద పడేసి ఉంటే ఆ చరిత్ర ఉండేది కాదు.

స్వచ్ఛందమా, నిర్బంధమా

సేవను చదువులో చేర్చాలన్న ఆలోచన స్వతంత్ర భారతంలో పదే పదే చర్చకు వచ్చింది. దానికి తొలి రూపమిచ్చినవారు మన సరిహద్దు బిడ్డే. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణతో తమిళనాటికి వెళ్లేదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం విద్యార్థుల జాతీయ సేవను స్వచ్ఛంద ప్రాతిపదికన ప్రవేశపెట్టాలని సూచించింది. దశాబ్దం తరువాత 1959లో సి.డి. దేశ్‌ముఖ్ సంఘం దానికి భిన్నంగా, కళాశాలలో చేరబోయే ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలలనుంచి ఏడాదిదాకా తప్పనిసరిగా సేవ చేయాలంది. పలు దేశాలలో పద్ధతులు చూసివచ్చిన కె.జి. సయ్యదైన్ మళ్లీ స్వచ్ఛందమే మేలన్నారు. చివరకు గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. ఈయన కూడా చిత్తూరుకు పొరుగునున్న కాంచీపురంలో పుట్టినవారే. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం అన్నది ఆ పథకపు నియమం.

నిర్బంధం ఎక్కడా పనిచేయలేదని కాదు. మెక్సికోలో వైద్య విద్యార్థులు 1936 నుంచి పల్లెలకు వెళ్లి పనిచేస్తున్నారు. తరువాత ఇతర వృత్తివిద్యలకు కూడా సామాజిక సేవను పట్టాకు ముందు షరతుగా చేశారు. అయితే అక్కడ ప్రారంభమైనది వైద్యంతో. వెళ్లినవాడికి చేతిలో ఒక విద్య ఉంది, పల్లెకు దాని అవసరం ఉంది. మొదటి సంవత్సరం చదివే పద్ధెనిమిదేళ్ల కుర్రవాడి చేతిలో ఏముంది? ఇది అతణ్ణి చిన్నబుచ్చే ప్రశ్న కాదు, ప్రాజెక్టు రూపొందించేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ఇచ్చిన నమూనా కోర్సు రెండు క్రెడిట్లకు 30 గంటలు కేటాయించి, అందులో కనీసం సగం క్షేత్రంలో గడపాలంది. పదిహేను గంటలలో వీధి పేర్లు తెలుస్తాయి. వీధి తెలియదు.

రెండు భాషల బిడ్డలు

సరిహద్దు పిల్లల చేతిలో మాత్రం మరెవరికీ లేని పనిముట్టు ఒకటి ఉంది. ఉత్తర చెన్నైలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత అక్కడి బడులలో తమిళం తప్పనిసరి కావడంతో, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని తరం పెరుగుతోంది. మరోవంక, ఆంధ్ర పల్లెలనుంచి వైద్యానికో కూలికో వచ్చిన పెద్దలు తమిళ బోర్డు ముందు, తమిళ దరఖాస్తు ముందు నిలబడిపోతున్నారు. నగరి, సత్యవేడు, తడ వైపునుంచి వెళ్లిన విద్యార్థికి రెండు భాషలూ నాలుకమీద ఉంటాయి. ఆసుపత్రిలో మందుల చీటీ చదివి ఏ పూట ఏది వేసుకోవాలో చెప్పడం, పింఛను దరఖాస్తు నింపడం, తాత మాట్లాడే తెలుగును మనుమడికి అక్షరాలలో చూపడం అతడు రేపటినుంచే చేయగల పనులు. ఇందుకు శిక్షణ అక్కరలేదు, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణ, ఒక స్థిరమైన చోటు ఉంటే చాలు. వాడియాకు లేనిది ఇతడికి ఉంది. మార్కుల పట్టికలో దానికి గడి లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఉత్తర చెన్నై వీధులతోపాటు తిరుపతి, నెల్లూరు జిల్లాల పల్లెలూ నీటిలో చిక్కుకున్నాయి. అటువంటి వేళ ఏ ఇంట్లో మంచంపట్టిన ముసలివారున్నారు, ఏ ఇంట్లో బాలింత ఉంది అన్న వివరం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. విద్యార్థులు ఏటా సేకరిస్తున్నది సరిగ్గా ఆ వివరమే. కాని అది స్పైరల్ బైండింగుతో కళాశాల బీరువాలోకి వెళ్తోంది. కొన్ని చోట్ల అంతదూరం కూడా రావడంలేదు, పై తరగతివారి నివేదికే పేరు మారి తిరిగి సమర్పణ అవుతోంది. రికార్డు పుస్తకాలు చూసి రాయడం అలవాటైన విద్యావ్యవస్థకు ఇది వింత కాదు. తప్పు పిల్లలది మాత్రమే అనడం న్యాయం కాదు. చదవరని తెలిసిన కాగితాన్ని ఎవరూ శ్రద్ధగా రాయరు.

సామాజిక కార్యం ప్రధాన విద్యగా బోధించే సంస్థలు ఈ లోపాన్ని చాలాకాలం కిందటే గుర్తించాయి. మేరీ క్లబ్‌వాలా జాదవ్ 1952లో స్థాపించిన మద్రాసు సామాజిక కార్య విద్యాలయం వంటి చోట్ల క్షేత్రకార్యం పాఠానికి అనుబంధం కాదు, పాఠంలో సగం. విద్యార్థి ఏమి చూశాడో, ఎక్కడ పొరపడ్డాడో అధ్యాపకుడితో కూర్చుని మాట్లాడుకోవలసిందే. సాధారణ డిగ్రీ కళాశాలలో పదుల సంఖ్యలో విద్యార్థులను ఒక్క అధ్యాపకుడికి అప్పగించి, దాని ఫలితాన్నే ఆశిస్తే రాదు. ఏటా కొత్త ఊరు, కొత్త ప్రశ్నలు కాకుండా, ఒక కళాశాల ఒకే వీధిని అయిదేళ్లు పట్టుకుంటే, నిరుటి విద్యార్థి ఆపినచోట ఈ ఏటి విద్యార్థి మొదలుపెడితే, ఆ పర్యవేక్షణ భారం కూడా కొంత తగ్గుతుంది.

ఈ విషయంలో తల్లిదండ్రులు చేయగలిగినది లేకపోలేదు. బిడ్డ ప్రాజెక్టుకు ఏ ఊరు ఇచ్చారు, అక్కడ వెనుకటి సంవత్సరం నివేదిక చూపించారా, అధ్యాపకుడు ఒక్కసారైనా ఆ ఊరు వచ్చారా అని కళాశాలలో అడగవచ్చు. ప్రశ్నావళితో వచ్చిన పరాయి పిల్లవాడికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, నివేదిక ప్రతి ఒకటి పంచాయతీ కార్యాలయంలో ఇచ్చి పొమ్మని గ్రామస్థులు కోరవచ్చు. వచ్చే వేసవిలో మరొక జట్టు వచ్చినప్పుడు సర్పంచి బల్లమీద ఆ ప్రతి తెరిచి పెడితే, తాగునీటి ప్రశ్నకు నిరుడు రాసుకున్న జవాబు అక్కడే ఉంటుంది. కొత్త జట్టు దానికింద రెండవ ప్రశ్న రాసుకోవచ్చు.