జానెడు సారథ్ బండి.. చేతికీ కంటికీ చదువు

సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారం ఫ్యాక్టరీ పేరు వినని పల్లె ఉండదు. 1984లో, అప్పటి మెదక్ జిల్లాలో నెలకొల్పిన ఈ ఆయుధ కర్మాగారంలోనే సారథ్ యుద్ధ వాహనాలు తయారై సైన్యానికి వెళ్లాయి. సోవియట్ యూనియన్ రూపొందించిన బీఎంపీ-2 బండికి ఇక్కడి పేరు సారథ్. ఆ బండికి ఒక్కో వైపు ఎన్ని చక్రాలుంటాయి, లోపల ఎందరు కూర్చుంటారు అని జిల్లాలోని బడిపిల్లలను అడిగితే జవాబు చెప్పగలిగేవారు ఎందరు?

మరోవైపు, సైన్స్ మేళా వచ్చిందంటే పట్నం దుకాణాల్లో తయారుగా దొరికే థర్మోకోల్ నమూనాలకు గిరాకీ. తండ్రి డబ్బు ఇస్తాడు. దుకాణదారు అతికించి ఇస్తాడు. పిల్లవాడు దాని పక్కన నిలబడి బట్టీ పట్టింది అప్పజెబుతాడు. అతని చేతికీ పని లేదు, కంటికీ పని లేదు. ఇది శోచనీయం. జిల్లాలో పుట్టిన బండినే జానెడు నమూనాగా పిల్లల చేత చేయిస్తే ఈ పద్ధతి కొంతైనా మారుతుంది.

కొలతే ప్రాణం

యుద్ధ వాహనాల నమూనాలు కట్టడం అనేక దేశాల్లో పెద్దలు కూడా ఇష్టపడే కాలక్షేపం. వీటిలో 35వ వంతు కొలత బాగా ప్రసిద్ధి. దీని వెనుక జపాన్ కథ ఉంది. షిజువోకా పట్టణంలో తమియా అనే కలప వ్యాపార సంస్థ కొయ్య నమూనాలు చేస్తూ, 1960లో ప్లాస్టిక్ నమూనాలకు మారింది. తర్వాత మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకును తయారుచేసింది. లోపల బ్యాటరీలు పట్టేలా దాని సైజు నిర్ణయించారు. ఆనక కొలిచి చూస్తే అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు అని తేలింది. అదే కొలత స్థిరపడింది. కలప పని చేసిన చేతులే లోకమంతటికీ నమూనాలు అందించాయి. పొణికి చెక్కతో బొమ్మలు చేసే నిర్మల్ ఉన్న రాష్ట్రంలో ఇది అర్థం కాని విషయం కాదు.

సారథ్ పొడవు 6.7 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు, ఎత్తు 2.45 మీటర్లు. 35తో భాగిస్తే నమూనా పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 7. అసలు ఫిరంగి గొట్టం రంధ్రం 30 మిల్లీమీటర్లు. నమూనాలో అది ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. సూదిమొనతో తొలవాలి.

ఇంకో లెక్క ఉంది. అసలు బండి బరువు 14 టన్నుల పైమాటే. నమూనాను అదే ఇనుముతో, లోపలి భాగాలతో సహా చేస్తే ఎంత తూగుతుంది? 400 కిలోలు అని తొందరపడి చెప్పేవారే ఎక్కువ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35వ వంతుకు తగ్గుతాయి గనుక బరువు 42,875వ వంతుకు తగ్గుతుంది. అంటే సుమారు 330 గ్రాములు! ధాన్యం గుమ్మిని అన్ని వైపులా రెండింతలు పెంచితే ఎనిమిదింతల వడ్లు పడతాయనే లెక్క కూడా ఇదే. పుస్తకంలో బుర్రకెక్కని ఘనపరిమాణం చేతిలో బండి ఉంటే తేలికగా ఎక్కుతుంది.

నాగలి కర్రు నేర్పిన పాఠం

నమూనా అతికించడం సగం పనే. సందులను లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, ముందు ప్రైమరు, తర్వాత ఆకుపచ్చ రంగు వేయాలి. అది ఆరాక పలచని ముదురు గోధుమ రంగును అతుకుల్లోకి పారించి, పైపైన తుడవాలి. అప్పుడే ప్రతి మూలా, ప్రతి బోల్టూ కంటికి కనిపిస్తుంది.

ఆపైన దుమ్ము, బురద. ఇక్కడ పల్లె పిల్లవాడిదే పైచేయి. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరుకు బురద ఎక్కడ పేరుకుంటుందో, ఎక్కడ కాళ్లు పెట్టి ఎక్కితే రంగు పోతుందో అతనికి ఒకరు చెప్పనక్కర లేదు. నాగలి కర్రు మట్టిలో దిగే చోట తళతళలాడుతుంది, మిగతా చోట తుప్పు పడుతుంది. యుద్ధ వాహనం గొలుసు పట్టా కూడా అంతే. నేలకు ఆనే చోట మెరుస్తుంది. కొత్తవారు బండి అంతా తుప్పు పూసి చెడగొడతారు. ఎర్రమట్టినో, నల్లరేగడినో గుడ్డలో జల్లించి పలచగా అద్దితే చాలు.

ఖర్చు అడ్డు కాదు

విదేశీ కిట్టు కొనాలంటే వేల రూపాయలు కావాలి. రైతు కూలీల పిల్లలకు అది అందదు. అందుకు బాధపడనక్కర లేదు. 20వ వంతు కొలతలో 34 సెంటీమీటర్ల బండిని అట్టతో చేయవచ్చు. వైపుకు ఆరు చొప్పున 12 చక్రాలకు నీళ్ల సీసా మూతలు, గొలుసు పట్టాకు పాత సైకిల్ ట్యూబు, ఫిరంగికి అయిపోయిన రీఫిల్ సరిపోతాయి. కర్మాగారం గోడల లోపలి సంగతులు ఎవరికీ అక్కర లేదు. అచ్చయిన బొమ్మలు, కొలతలు చాలు. బ్లేడు వాడేటప్పుడు పెద్దవారు దగ్గర ఉండాలి. జిగురు, రంగుల పని గాలి ఆడే చోట చేయాలి.

పిల్లలకు యుద్ధపు ఆటలు నేర్పడమేమిటని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్న సబబైనదే. కాని గన్ను చేతికిచ్చి ఉరికించడం వేరు, బండిని కొలిచి కట్టడం వేరు. సారథ్‌లో ముగ్గురు నడిపేవారు, ఏడుగురు సిపాయిలు, మొత్తం పదిమంది. వెనుక గదిలో ఆరుగురు వీపుకు వీపు ఆనించి కూర్చుంటారు. వారు దిగే వెనుక తలుపుల్లోనే ఇంధనం నింపుతారు. ఆ ఇరుకును 35వ వంతులో తన చేత్తో కట్టిన పిల్లవాడికి యుద్ధం సినిమా పాటలా కనిపించదు. ఊరి నుంచి సైన్యంలోకి వెళ్లిన అన్న ఎలాంటి చోట కూర్చుంటాడో తెలుస్తుంది.

ఒక్క నమూనాతో ఎవరికీ ఉద్యోగం రాదు. అయితే మిల్లీమీటరు తేడాను పట్టే కన్ను, వణకని చేయి, తప్పు వస్తే విప్పి మళ్లీ అతికించే ఓపిక ఐటీఐలో ఫిట్టరుకైనా, వెల్డరుకైనా, పెయింటరుకైనా తప్పనిసరి. వాటిని 12 ఏళ్ల వయసులో అలవాటు చేస్తే 18 ఏళ్లకు అక్కరకొస్తాయి.

సైన్స్ మేళాల్లో కొని తెచ్చిన వాటిని పక్కనపెట్టి, పిల్లలు చేసిన వాటికే బహుమతి ఇవ్వాలి. వంకరగా ఉన్నా సరే. నెలకో ఆదివారం బడి గది తెరిచి ఉంచితే, రిటైరైన ఫిట్టర్లు, ఊరి వడ్రంగులు, ఐటీఐ మాస్టర్లు వచ్చి పిల్లలకు పని చూపించవచ్చు. దీనికి పెద్ద నిధులు అక్కర లేదు. అట్ట ముక్క, స్కేలు, పెన్సిలు, ఒక పెద్దమనిషి చాలు. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ దిశగా ఆలోచించాలి.