వానొస్తే ఆట బందేనా?

వానొస్తే సింగరేణి ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయడం ఆగుతుంది, క్రికెట్టూ ఆగుతుంది. ఫుట్‌బాల్ ఎందుకు ఆగాలండీ?

మొన్న శని, ఆదివారాలు భూపాలపల్లిలో ఒకటే ముసురు. గ్రౌండులో కార్మికుల పిల్లలు బురదలో పొర్లుతూ ఆడుతుంటే, మావాళ్ళిద్దరూ అమ్మమ్మ ఇంటి కిటికీకి అతుక్కుపోయారు. హైదరాబాదులో నెలనెలా ఫీజు తీసుకునే కోచింగు వాళ్ళేమో నాలుగు చినుకులకే "ఈరోజు క్లాసు లేదు" అని మెసేజి పెడతారు. పూర్తిగా వాళ్ళ తప్పూ కాదులెండి, జలుబు చేస్తుందని గోల పెట్టేది మనమేగా!

కలకత్తా లీగు ఏళ్ళ తరబడి వానాకాలంలోనే జరిగేది. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్న మన సికింద్రాబాదు బలరాం, ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది ఆ బురదలోనే.

ఉరుములూ మెరుపులూ ఉంటే మాత్రం లోపలికి రావాల్సిందే, అందులో బేరాల్లేవు. ఉత్త వానకైతే వదిలేద్దామని నా వాదన. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.