సంతకం బెజవాడలో.. ఓటు వెలగపూడిలో: బడ్జెట్ గొడవల్లో రాజ్‌భవన్ మెట్లెక్కేది ఎవరు?

విజయవాడ: పక్క రాష్ట్రంలో గవర్నర్‌కీ, సర్కారుకీ బడ్జెట్ మీద పడిన గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర అలాంటిది జరగలేదు. 2019 జూలైలో బిశ్వభూషణ్ హరిచందన్ ఆంధ్రప్రదేశ్‌కు పూర్తిస్థాయి గవర్నర్‌గా వచ్చి, బెజవాడ నడిబొడ్డున ఒకప్పటి ఇరిగేషన్ శాఖ ఆఫీసు రాజ్‌భవన్‌గా మారినప్పటి నుంచి ఇప్పటి గవర్నర్ జస్టిస్ అబ్దుల్ నజీర్ వరకు చూస్తే, బడ్జెట్ ఫైలు అక్కడ ఆగిపోయిన సందర్భం లేదు. (పక్కనున్న గవర్నర్‌పేటకు ఆ పేరు వీళ్లను చూసి పెట్టింది కాదు, అది పాత పేరే.)

మరి గొడవ లేదా అంటే ఉంది. కాకపోతే అది గవర్నర్‌తో జరిగే గొడవ కాదు, గవర్నర్ గుమ్మం ముందు జరిగే గొడవ. ప్రతిపక్షంలో ఉన్న ఎమ్మెల్యేకు రాజ్‌భవన్ ఫిర్యాదుల పెట్టె. అదే ఎమ్మెల్యే అధికారంలోకి వస్తే అది సంతకం పెట్టించుకునే బల్ల. ఈ రెండు వైపులా నిలబడి చూసిన నాయకుడు ఒకరున్నారు. ఉరవకొండ ఎమ్మెల్యే, ఇప్పటి ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్.

2021 జూలైలో కేశవ్ అసెంబ్లీ ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ చైర్మన్. టీడీపీకి అప్పుడు 23 సీట్లే వచ్చినా, ఆనవాయితీ ప్రకారం ఆ పదవి ప్రతిపక్షానికి దక్కింది. ఆ హోదాలోనే ఆయన గవర్నర్ హరిచందన్‌ను కలిశారు. సుమారు 41 వేల కోట్ల రూపాయల లావాదేవీలకు సరైన బిల్లులు, ఓచర్లు లేవని, లెక్కలు తనిఖీ చేయించాలని ఫిర్యాదు చేశారు. అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ దాన్ని కొట్టిపారేశారు. అవి పుస్తకాల్లో జరిగే సర్దుబాట్లే తప్ప డబ్బు ఎక్కడికీ పోలేదన్నది ఆయన వాదన.

ఎవరి లెక్క కరెక్టు అన్నది పక్కన పెడదాం. ఒక శాసనసభ్యుడు, అదీ ఖర్చులు పరిశీలించే కమిటీ చైర్మన్, డబ్బు లెక్క అడగడానికి సభను కాకుండా గవర్నర్‌ను ఎందుకు వెతుక్కోవాల్సి వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. సభ ఏడాదికి లెక్కపెట్టదగినన్ని రోజులే జరుగుతుంది. ఆ ఏడాది అయితే మరీ అన్యాయం. 2021 మే 20న ఒక్కరోజు సమావేశం పెట్టి 2.29 లక్షల కోట్ల బడ్జెట్‌ను ఆమోదించుకున్నారు. టీడీపీ ఆ రోజు సభను బహిష్కరించింది. అంతకుముందు మార్చి నెలాఖరులో, కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందు, మూడు నెలల ఖర్చుకు గవర్నర్ ఆర్డినెన్స్ ఇచ్చేశారు. ముందటి ఏడాది 2020 మార్చిలో కూడా ఆర్డినెన్సే. అప్పుడు కరోనా లాక్‌డౌన్ కాబట్టి పెద్దగా ఎవరూ అడగలేదు. రెండోసారి మాత్రం టీడీపీ గట్టిగానే విమర్శించింది.

ఇక్కడ ఒక చిన్న విషయం అర్థం చేసుకోవాలి. రాష్ట్ర సంచిత నిధి నుంచి రూపాయి తీయాలన్నా చట్టం చేసిన కేటాయింపు ఉండాలని రాజ్యాంగం 266వ అధికరణ చెబుతుంది. ఆ చట్టమే ద్రవ్య వినిమయ బిల్లు. గ్రాంట్లు అడగాలంటే గవర్నర్ సిఫార్సు ఉండాలి (203, 207 అధికరణలు). బిల్లు పాసయ్యాక ఆయన సంతకమూ ఉండాలి. అయితే మిగతా బిల్లుల్లా ద్రవ్య బిల్లును "మళ్లీ ఆలోచించండి" అని తిప్పి పంపే వీలు గవర్నర్‌కు 200వ అధికరణ ఇవ్వలేదు. పూర్తి బడ్జెట్ సిద్ధంగా లేకపోతే 206 కింద అసెంబ్లీయే ఓట్ ఆన్ అకౌంట్ ఇస్తుంది, కొన్ని నెలల ఖర్చుకు అన్నమాట. సభ సమావేశంలో లేనప్పుడు, తక్షణం అవసరం ఉందనుకుంటే 213 కింద ఆర్డినెన్స్. అత్యవసరానికి పెట్టుకున్న ఈ చివరి దారి మన రాష్ట్రంలో అలవాటుగా మారింది. మంత్రివర్గం సలహా ఇస్తుంది, గవర్నర్ సంతకం పెడతారు, ఎమ్మెల్యే పేపర్లో చదువుకుంటాడు.

తెలంగాణలో కథ తిరగబడింది. 2023 జనవరిలో బడ్జెట్‌కు గవర్నర్ తమిళిసై సిఫార్సు ఇవ్వలేదంటూ కేసీఆర్ సర్కారు జనవరి 30న హైకోర్టుకు వెళ్లింది. ముందటి ఏడాది సమావేశాలను గవర్నర్ ప్రసంగం లేకుండానే జరిపేయడం ఆ పేచీ వెనకున్న కారణం. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్ ధర్మాసనం ముందు ఇరువైపుల లాయర్లు మాట్లాడుకుని ఒకే రోజులో రాజీ కుదుర్చుకున్నారు. ఫిబ్రవరి 3న గవర్నర్ ప్రసంగం, 6న హరీశ్‌రావు 2.90 లక్షల కోట్ల బడ్జెట్. గవర్నర్‌కు కావాల్సింది ప్రసంగం, సర్కారుకు కావాల్సింది సంతకం. ఎవరిది వారికి దక్కింది. కేటాయింపుల్లో ఒక్క అంకె కూడా ఆ గొడవ వల్ల మారలేదు. అదే నెల 28న పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు, బడ్జెట్ సమావేశం పిలవడంలో గవర్నర్ మంత్రివర్గం మాట వినాల్సిందేనని తేల్చేసింది.

ఆంధ్రాలో జీతాలు ఆగింది గవర్నర్ వల్ల కాదు, శాసనసభ్యుల వల్లే. 2020 జూన్ 17న మండలిలో జరిగింది గుర్తుందా? అసెంబ్లీ పాస్ చేసిన ద్రవ్య వినిమయ బిల్లు మండలికి వచ్చింది. అక్కడ టీడీపీకి మెజారిటీ. ముందు రాజధాని బిల్లులు తీసుకోవాలని మంత్రులు, కాదు ముందు ద్రవ్య బిల్లు అని టీడీపీ. తోపులాట దాకా వెళ్లింది. అప్పటి బెజవాడ పశ్చిమ ఎమ్మెల్యే, మంత్రి వెల్లంపల్లి శ్రీనివాస్, నారా లోకేశ్ మధ్య జరిగిన గొడవ రోజంతా టీవీల్లో నడిచింది. బిల్లు పాస్ కాకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. మండలి ద్రవ్య బిల్లును ఆపలేదు గానీ, 14 రోజులు ఆలస్యం చేయగలదు. ఆ 14 రోజులు పూర్తయ్యేసరికి జూన్ 30తో మూడు నెలల ఆర్డినెన్స్ గడువు అయిపోయింది. జూలై ఒకటిన టీచర్ల దగ్గర నుంచి పెన్షనర్ల వరకు ఎవరి ఖాతాలోనూ జీతం పడలేదు. గడువు దాటాక బిల్లు రాజ్‌భవన్‌కు వెళ్లడం, గవర్నర్ సంతకం పెట్టడం వెంటనే అయిపోయాయి. ఆ మొత్తం వ్యవహారంలో ఆలస్యం చేయనిది ఆయన ఒక్కరే అనిపిస్తుంది.

ఇక 2024కు వద్దాం. కృష్ణా డెల్టా వాళ్లకు అసలు తగిలింది ఇక్కడే. ఎన్నికల ముందు వైసీపీ సర్కారు తీసుకున్న ఓట్ ఆన్ అకౌంట్ జూలై నెలాఖరు వరకే. కూటమి ప్రభుత్వం జూన్‌లో వచ్చింది. జూలై 22 నుంచి 26 వరకు అసెంబ్లీ సమావేశాలు కూడా జరిగాయి. చివరి రోజు ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం పెట్టారు. అంటే సభ నడిచింది, డబ్బు గురించి చర్చా జరిగింది, కానీ డబ్బుకు ఓటు మాత్రం అడగలేదు. సభ అలా ముగిసిందో లేదో, నెలాఖరుకల్లా నాలుగు నెలల ఖర్చుకు సుమారు 1.30 లక్షల కోట్లతో ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం చేసింది జస్టిస్ నజీర్, ఫైలు పంపింది కేశవ్ చూసే ఆర్థిక శాఖ. పాత ప్రభుత్వం బకాయిలు, అప్పులు ఎంతో తేలలేదు, పూర్తి బడ్జెట్‌కు టైమ్ కావాలి అన్నది సర్కారు మాట. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ పూర్తి బడ్జెట్‌కు టైమ్ కావాలంటే, ఉన్న ఐదు రోజుల్లో ఒక పూట ఓట్ ఆన్ అకౌంట్ పెట్టడానికి అడ్డేముంది? 2021లో ఆర్డినెన్స్‌ను తప్పుబట్టిన పార్టీయే 2024లో అదే దారి పట్టింది. పూర్తి బడ్జెట్ పెట్టే ధైర్యం లేదని జగన్ విమర్శించారు. ఆయన హయాంలో రెండేళ్లు వరుసగా వచ్చిన ఆర్డినెన్సుల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆ నాలుగు నెలల మధ్యలోనే బుడమేరు వచ్చింది. సెప్టెంబర్ 1న సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వైపు నీళ్లు చొచ్చుకొచ్చాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రోజుల తరబడి జనం డాబాల మీదే ఉన్నారు. ఆ పేటల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆటో నడుపుకునేవాళ్లు, మెకానిక్‌లు, తోపుడుబండ్ల వాళ్లు. మన వాళ్ల కుటుంబాలూ చాలానే ఉన్నాయి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. చాలామందికి అందింది. మా పేరు లిస్టులో లేదంటూ ఎన్యూమరేషన్ మీద గొడవలూ జరిగాయి. ఈ సాయం సరిపోతుందా, గేట్లు, కట్టల రిపేర్లకు ఎంత పెట్టాలి, లిస్టుల్లో తప్పులకు ఎవరు బాధ్యులు అని బడ్జెట్ పద్దు మీద ఎమ్మెల్యే నిలదీసే అవకాశం నవంబర్ 11 దాకా రాలేదు. ఆ రోజే కేశవ్ 2.94 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. వరదకూ, బడ్జెట్‌కూ మధ్య రెండు నెలలకు పైగా ఖర్చంతా గవర్నర్ సంతకం మీదే నడిచింది.

డెల్టా రైతుకు ఇంకో లెక్కుంది. కాలువల్లో పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం, తూములు బాగు చేయడం నీళ్లు కట్టేసిన ఎండాకాలంలోనే చేయాలి. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ ఏదైనా అంతే. ఓట్ ఆన్ అకౌంట్ అయినా ఆర్డినెన్స్ అయినా సాధారణంగా ఉన్న ఖర్చులు నడపడానికే తప్ప కొత్త పనులు మొదలుపెట్టడానికి కాదు. పూర్తి బడ్జెట్ వర్షాల తర్వాత వస్తే ఆ ఏడాది పనుల సీజన్ పోయినట్టే.

మైనారిటీ సంక్షేమం సంగతీ ఇంతే. 2024-25లో 4,376 కోట్లు, 2025-26లో 5,434 కోట్లు అని బడ్జెట్ ప్రసంగంలో చదివారు. అంకె పెరిగింది, సంతోషమే. కానీ ఇమామ్‌లకు 10 వేలు, మౌజన్‌లకు 5 వేల గౌరవ వేతనం నెలల తరబడి పెండింగ్‌లో పడడం రెండు ప్రభుత్వాల్లోనూ చూశాం. సభ ఓటు వేసేది కేటాయింపుకు. విడుదల మాత్రం ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది. ఆ మధ్యలో ఆగిపోయిన డబ్బును పట్టుకోగలిగేది పీఏసీ లాంటి కమిటీయే.

ఆ పీఏసీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? 2024 నవంబర్ ఎన్నికలో వైసీపీ తప్పుకుంది. చైర్మన్‌గా జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు వచ్చారు. జనసేన ప్రభుత్వంలో భాగం. పదకొండు మందే ఉన్నారు కాబట్టి ప్రతిపక్ష హోదా రాదని కూటమి, హోదా ఇస్తేనే సభకు వస్తామని వైసీపీ. 23 మందితో కేశవ్‌కు దొరికిన ఆ కుర్చీ ఇప్పుడు ప్రతిపక్షానికి లేదు. అందులో తప్పు రెండు వైపులా ఉంది, కానీ వైసీపీ తప్పు కాస్త ఎక్కువే. సభకు రాకుండా కూర్చుని లెక్క అడగడం ఎలా?

అందుకే గొడవలన్నీ మళ్లీ బయటే జరుగుతున్నాయి. అప్పట్లో రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ అప్పు ఒప్పందంలో గవర్నర్ పేరు పెట్టడం మీద దుమారం రేగింది. 2021లో హైకోర్టు కూడా దాన్ని ప్రశ్నించింది. 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్ల మీద వైసీపీ దాదాపు అదే రకం అభ్యంతరం ఎత్తింది. సభ ఆమోదం లేకుండా సంచిత నిధిని తాకట్టు పెట్టారన్నది ఆరోపణ. అదీ హైకోర్టుకే చేరింది. కుర్చీలు మారాయి, అర్జీ మాత్రం అదే.

బిల్లుల మీద గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని, అలాగని ఎంతకాలమైనా తొక్కిపెట్టకూడదని 2025 నవంబర్ 20న సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. తమిళనాడు, కేరళలకు అది పెద్ద వార్త. విజయవాడలో దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఇక్కడి గవర్నర్ల దగ్గర బడ్జెట్ ఫైళ్లు ఆలస్యం కావు. 41 వేల కోట్ల ఫిర్యాదు తీసుకున్న హరిచందన్ 2023 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లిపోయారు. ఫిర్యాదు ఇచ్చిన కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ లావాదేవీల ఓచర్లు దొరికాయో లేదో చెప్పాల్సిన శాఖ ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది.