డప్పుకు వార్నిష్ పూయకండి

కాలేజీల్లో, సాంస్కృతిక ఉత్సవాల్లో ఈ మధ్య ఒక ఫ్యాషన్ చూస్తున్నాను. ఊళ్లోంచి పాత డప్పు ఒకటి తెస్తారు. తుడిచి, వార్నిష్ కొట్టి, "జానపద వారసత్వం" అని చీటీ అంటించి గోడకు తగిలిస్తారు. దాన్ని బాగుచేశామంటారు. కాదు మిత్రులారా, దాని నోరు మూయించారు.

ఎందుకో పనిలోంచే చెప్తాను. మా తాత డప్పును పెదనాయన దగ్గర కూర్చుని నేనూ తమ్ముడూ ఇంట్లోనే మళ్లీ కట్టాం. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. తోలుకు తడి తగలనివ్వకూడదు, నీళ్లు తాగితే సాగిపోతుంది. చెక్క చట్రాన్ని పురుగు తొలిచిందేమో తట్టి చూడాలి. చిరిగిన తోలుకు అతుకు నిలవదు, కొత్తది వేయాల్సిందే. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన మేకతోలును తడిగా ఉండగానే చట్రం మీద పరిచి, వెనక ఇనుప కడియానికి తోలువారుతో అన్ని వైపులా సమానంగా లాగి కట్టాలి. నీడన ఆరబెట్టాలి. వాయించబోయే ముందు మంట దగ్గర కాచాలి. వేడికి తేమ పోయి తోలు బిగుస్తుంది, మోత తేరుకుంటుంది.

వార్నిష్ పూసిన తోలు స్వేచ్ఛగా అదరదు. దాన్ని మంట దగ్గర పెట్టడానికీ లేదు. అంటే వార్నిష్ పూసినవాడు ఆ డప్పును ఇక ఎవరూ కొట్టరని ముందే తీర్మానించాడన్నమాట.

అమెరికన్ డ్రమ్ముల మీద కూడా 1950ల దాకా దూడతోలే ఉండేది. ప్లాస్టిక్ తర్వాత వచ్చింది. అలాంటి పాత డ్రమ్‌సెట్‌ను ఇంట్లో బాగుచేసుకునేవాణ్ని అభిరుచి గలవాడంటారు. మా పెదనాయన చేసేదాన్ని కులవృత్తి అంటారు. పని అదే, తోలూ తోలే. తేడా చేతుల కులంలో ఉంది.

తెలుగు భాషే సాక్ష్యం. గొప్పలు చెప్పుకునేవాణ్ని "సొంత డప్పు కొట్టుకుంటున్నాడు" అంటాం. "సొంత వీణ వాయించుకుంటున్నాడు" అని ఎవరైనా అన్నారా? మాదిగ తన కోసం తాను డప్పు కొట్టుకోవడమే ఈ భాషకు ఎబ్బెట్టు. పెళ్లికి, చావుకు, జాతరకు ఊరి కోసం కొట్టాలి. తన కోసం కొడితే తప్పు!

1739లో దక్షిణ కరోలినాలో నల్లజాతి బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరుగుబాటుకు కదిలారు. మరుసటి ఏడాదే అక్కడి చట్టం బానిసలకు డ్రమ్ములు నిషేధించింది. అక్కడ కొట్టొద్దన్నారు, ఇక్కడ కొట్టి తీరాలన్నారు. రెండు చోట్లా యజమాని పట్టు ఒక్కదాని మీదే: ఎప్పుడు మోగాలో నేను చెప్తాను.

మనవాళ్లలోనూ ఒక వాదన ఉంది: డప్పు బానిసత్వపు గుర్తు, తగలబెట్టాలని. చావుకు డప్పు కొట్టం అని ఎదురు తిరిగి దెబ్బలు తిన్నవాళ్లకు, ఊరి వెలివేతను భరించినవాళ్లకు నేను దండం పెడతాను. వాళ్లు తిరస్కరించింది వెట్టిని. వెట్టి చేయించడం నేరమని 1989 అట్రాసిటీ చట్టం కూడా చెప్పింది. కానీ బానిసత్వం ఆజ్ఞలో ఉంది, తోలులో లేదు. ఊరి పెద్దల మాట చాటడానికి వాడిన దండోరానే 1994లో మాదిగలు తమ ఉద్యమానికి పేరుగా పెట్టుకున్నారు. కొట్టనని చెప్పే హక్కూ, నాకోసం కొడతానని చెప్పే హక్కూ ఒకటే హక్కు.

కాబట్టి విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక మాట. డప్పు మీద పరిశోధనలకు పట్టాలిస్తున్నారు. డప్పు కట్టేవాణ్ని ఉత్సవం రోజు బస్సు ఛార్జీలిచ్చి పంపేస్తున్నారు. ఆయన్ని తరగతి గదిలోకి గురువుగా పిలవండి, గురువుకిచ్చే జీతమే ఇవ్వండి. చీటీ మీద "జానపదం" కొట్టేసి, కట్టినవాడి పేరు రాయండి.

విద్యార్థి మిత్రులారా, మీరు ఆ పని నేర్చుకోండి. సిర్ర, చిటికెన పుల్ల పట్టడమే కాదు, తోలు కట్టడం కూడా. చేతులకు వాసన అంటుతుంది, అంటనివ్వండి. మీ కాలేజీ గోడ మీద వేలాడే డప్పును దింపి, వార్నిష్ తోలు తీసేసి, కొత్త తోలు వేయండి. ఎవరి కోసం, ఎప్పుడు మోగాలో మీరే తేల్చుకోండి.

జై భీమ్.