వేగము – నైపుణ్యము

పందెపు కారు నడుపువాని నేర్పంతయు వేగములోనే ఉన్నదని మన విద్యార్థులలో పెక్కుమంది తలంపు. మేము దీనితో ఏకీభవింపజాలము.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెము జరిగినది. (మరుసటి ఏటి పందెము రద్దయినది, అది వేరు విషయము.) అవి విద్యుత్తుతో నడచు కార్లు. సుమారు 2.8 కిలోమీటర్ల బాట, 18 మలుపులు, ఇరువైపుల గోడలు. బ్యాటరీలో వాడదగిన శక్తి ఎంతో ముందే నిర్ణయమై ఉండును. కావున మలుపునకు ముందే కాలు సడలించి, బ్రేకు వేసినపుడు పుట్టు విద్యుత్తును తిరిగి రాబట్టుకొనవలెను. చివరి చుట్లలో వెనుక తరుముచున్న నిక్ కాసిడీ వద్దనే శక్తి ఎక్కువ మిగిలి ఉన్నది. అయినను ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ అతనికి సందు ఇయ్యక, అర సెకనుకు లోపు తేడాతో గెలిచినాడు. ఆనాడే ఒక మలుపులో శామ్ బర్డ్ కారు సొంత జట్టువాడైన మిచ్ ఇవాన్స్ కారును ఢీకొన్నది. ఇద్దరి ఆశలును అక్కడనే ముగిసినవి. మూడవవాడుగా గమ్యము చేరిన బ్యూమీకి, పరిమితి మించి శక్తి వాడినందుకు ఆ స్థానము దక్కలేదు.

వారికి శిరస్త్రాణములు, సిద్ధముగా వైద్యులు, ఎదురు వాహనము రాని బాట ఉన్నవి. మక్తల్ మీదుగా రాయచూరు పోవు రోడ్డుపై, ఎదుట లారీలు, అడ్డముగా గొఱ్ఱెలమందలు ఉండగా, ఒకే మోటారు సైకిలుపై ముగ్గురెక్కి పందెము వేయువారికి ఏమున్నవి? చప్పట్లు కొట్టు స్నేహితులకును ఇందులో భాగమున్నదని మా అభిప్రాయము.

కమిటీవారు ఈ యేటి క్రీడలలో నిదానపు సైకిలు పందెమును మోటారు సైకిళ్ళతో ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. లైసెన్సు, హెల్మెట్ ఉన్నవారికే ప్రవేశము. కాలు నేల మోపక అందరికంటె చివర గీత దాటినవాడే విజేత.